తేలే ఇటుకల బడిలో ముగ్గురు అమ్మాయిలు

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప ఏడో తరగతి చదువుతోంది, వయసు 12 ఏళ్లు. మా వీధిలోనే ఉండే స్నేహితురాలితో కలిసి రెండేళ్లుగా ఒక పెద్ద నోటుబుక్కులో మంత్రాల బడి కథ రాస్తోంది. రామప్ప గుడి ఇటుకల్లాంటి, నీటిలో తేలే ఇటుకలతో కట్టిన ఆడపిల్లల బడి అది. జూన్‌లో కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి వచ్చి వీళ్ల తరగతిలో చేరింది. క్లాస్ టీచర్ ఆ అమ్మాయిని పాప స్నేహితురాలి పక్కన కూర్చోబెట్టి, కొన్నాళ్లు చూసుకొమ్మని చెప్పారట. అప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒక్కటయ్యారు. మా పాప తనకోసం రాసుకున్న చంద్రిక అనే పాత్రను బడి రహస్యం మాంత్రికుడికి అమ్మిన ద్రోహిగా మార్చి, ఆమె అరచేతిలో ‘ద్రోహి’ అనే అక్షరాలు వాటంతట అవే మొలిచాయని రాసి, బడి నుంచి వెళ్లగొట్టారు. పాప ఆ పేజీలు చింపేసి ఇంటికి తెచ్చుకుంది. మరునాడు తన బెంచీ మీద ఎవరో కంపాస్ ముల్లుతో అదే మాట చెక్కారు. ఆ స్నేహితురాలి తల్లి తరగతి వాట్సాప్ గ్రూపులో మా పాపకు ఈర్ష్య ఎక్కువని రాసింది. మా ఆయన జీతం మీద కూడా ఒక మాట అంది. నేనూ ఊరుకోలేదు. ఇప్పుడు పాప వారానికి రెండు రోజులు కడుపునొప్పి అని బడి మానేస్తోంది. రాత్రి పొద్దుపోయేదాకా మంత్రాల బడుల పుస్తకాలే చదువుతోంది. ఈసారి బతుకమ్మ కూడా ఆడనంటోంది. పుస్తకాలు మాన్పించాలా? బడి మార్చాలా?

జవాబు: అమ్మా, మీరడిగిన రెండు ప్రశ్నలకు ముందుగానే జవాబు చెబుతాను. పుస్తకాలు మాన్పించకండి, బడి ఇప్పుడు మార్చకండి. మీరు అడగని సంగతులు కొన్ని మీ ఉత్తరంలోనే ఉన్నాయి, నేను చెప్పదలచుకున్నది ఎక్కువగా వాటి గురించే.

మొదట ఆ నోటుబుక్కు గురించి. 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరంలో నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని మన పిల్లలందరూ పాఠంలో చదువుతారు, విహారయాత్రకు వెళ్లినప్పుడు గైడు నోట కూడా వింటారు. అక్కడి నుంచి ఒక బడినే కట్టుకున్న ఇద్దరు పిల్లలు రెండేళ్లపాటు చేసిన పనిని పెద్దవాళ్లు ఆటగా కొట్టిపారేయకూడదు. మీ పాపకు పోయింది ఒక స్నేహితురాలు మాత్రమే కాదు, రెండేళ్లుగా రోజూ వెళ్లి వస్తున్న ఒక చోటు. తాను కట్టిన బడిలోంచే తనను గెంటేశారన్న దుఃఖం దానిలో ఉంది. ‘కథే కదా, పోనీలే’ అని మీరు ఓదార్చి ఉంటే, ఆ మాట ఆమెకు ఎందుకు ఎక్కలేదో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

ఇక పుస్తకాలు. ఇంగ్లండు రచయిత్రి జిల్ మర్ఫీ 1974లో ‘ది వర్స్ట్ విచ్’ అనే పిల్లల పుస్తకం రాశారు. ఆడపిల్లల మంత్రాల బడి, అందులో ఏ పనీ సరిగ్గా చేయలేని మిల్డ్రెడ్, ఆమె ప్రాణస్నేహితురాలు మాడ్, ఎప్పుడూ ఎత్తిపొడిచే ఎథెల్. బడిలో అందరికీ నల్లపిల్లి కూనలు ఇస్తుంటే, నల్లవి చాలక మిల్డ్రెడ్‌కు చారల పిల్లి వస్తుంది. అక్కడ మొదలైన వెక్కిరింపు ముదిరి, మిల్డ్రెడ్ మంత్రంతో ఎథెల్ పందిపిల్లగా మారేదాకా పోతుంది. దీని తర్వాత 1980లో వచ్చిన రెండో పుస్తకం మీ ఇంటి కథకు మరీ దగ్గరగా ఉంది. ఎనిడ్ అనే కొత్త అమ్మాయి బడిలో చేరుతుంది, ఆమెను చూసుకునే బాధ్యత మిల్డ్రెడ్ మీద పడుతుంది. మాడ్ తనను పక్కన పెట్టారని నొచ్చుకుని, పంతానికి పోయి ఎథెల్‌తోనే జట్టు కడుతుంది.

ఈ పుస్తకాన్ని మీ పాప చదివి ఉంటే ఆమె తనను మిల్డ్రెడ్ అనుకుని ఉంటుంది, ఎందుకంటే చదివే ప్రతి పిల్లా తనను కథానాయికగానే ఊహించుకుంటుంది. కానీ జరిగినదాన్ని బట్టి చూస్తే ఆమె మాడ్ స్థానంలో ఉంది. మాడ్ చెడ్డపిల్ల కాదు. తన చోటులో ఇంకొకరు కూర్చున్నారని తెలిసిన పిల్ల ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించింది. ఆ పుస్తకం దొరికితే మీరిద్దరూ కలిసి చదవండి. చదివాక పాఠం చెప్పవద్దు, మాడ్‌కు అంత కోపం ఎందుకొచ్చిందని మాత్రం అడగండి. పన్నెండేళ్ల పిల్ల తన గురించి చెప్పలేనిది మాడ్ గురించి గడగడా చెబుతుంది.

అయితే ఈ పుస్తకాలతో నాకు ఒక పేచీ ఉంది. ఎథెల్ పుస్తకం తర్వాత పుస్తకంలో ఎథెల్‌గానే ఉండిపోతుంది. ఇంట్లో ఆమె పరిస్థితి ఏమిటో, రాత్రి ఏ భయంతో పడుకుంటుందో చదివేవాళ్లకు పెద్దగా తెలియదు. కథ నడవాలంటే ఎదుటి పక్షం ఒకటి ఉండాలి కాబట్టి అది చెల్లుతుంది. ఏడో తరగతి గదిలో అదే పద్ధతిని తెచ్చిపెట్టుకుంటే ఎవరో ఒకరు ఎథెల్ కాక తప్పదు. మీ పాప స్నేహితులు ఆ పాత్రను చంద్రికకు ఇచ్చారు. మీరు మీ ఉత్తరంలో దాన్ని కరీంనగర్ అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల తెలిసిన ఊరినీ, స్నేహితులనూ వదిలి వచ్చి నాలుగు నెలలు కాలేదు. టీచర్ చూపించిన ఒక్క మనిషిని గట్టిగా పట్టుకుంది. ఆమె మీ పాపను ఏమైనా అన్నదా అని ఉత్తరమంతా వెతికాను, ఒక్క మాట కూడా కనిపించలేదు.

అరచేతిలో అక్షరాలు మొలిచే ఊహ ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకొక అనుమానం. హ్యారీ పాటర్ కథల్లో 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో, విద్యార్థులు రహస్యంగా నడుపుకునే బృందం సంగతిని మరియెటా అనే అమ్మాయి పైవాళ్లకు చెప్పేస్తుంది. చెప్పగానే, చాడీకోరు అనే అర్థమొచ్చే మాట ఆమె ముఖం నిండా మొటిమలై లేస్తుంది. సభ్యులు సంతకాలు చేసిన కాగితం మీద హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ ముందే మంత్రం వేసింది, ఆ సంగతి సంతకం చేసినవాళ్లకు చెప్పలేదు. మరియెటా తల్లి మాంత్రికుల మంత్రిత్వ శాఖలో ఉద్యోగి, అందుకని ఆ పిల్ల మీద ఇంటి నుంచి ఒత్తిడి ఉంది. ఆమె తప్పు చేసిందే కానీ మంచిపిల్లేనని మరియెటా స్నేహితురాలు చో వాదిస్తే హ్యారీ ఒప్పుకోడు. మరుసటి ఏడాది పుస్తకంలోనూ ఆ మచ్చలు పూర్తిగా పోవు. నాకు ఆ కథల్లో హెర్మయొనీ అంటే చాలా ఇష్టం, అయినా ఈ ఒక్క చోట ఆమె పక్షాన నిలబడలేను. పిల్లలతో ఈ ఘట్టం మాట్లాడితే వాళ్లు రెండు జట్లుగా చీలి గంటసేపు వాదించుకుంటారు, అది మంచి వాదన. ఆ శిక్షను మీ పాప అరచేతికి తెచ్చిన పిల్లలకు దాని బరువు తెలిసి ఉండకపోవచ్చు.

అందుకే కథలో రాసినదాన్నీ, బెంచీ మీద చెక్కినదాన్నీ నేను వేరుగా చూస్తాను. మొదటిది పిల్లల మధ్య తేలవలసిన తగువు. రెండోది తరగతి అంతా చూసేలా ఒక పిల్లకు వేసిన ముద్ర, దాన్ని పిల్లలకే వదిలేయకూడదు. బడి వదిలాక క్లాస్ టీచర్‌ను ఒంటరిగా కలవండి. ఎవరు చెక్కారో తేల్చమని పట్టుబట్టకండి, ఆ విచారణ తరగతిలో జరిగితే మీ పాప మీద చాడీలు చెప్పిందన్న పేరు కూడా పడుతుంది. ఆ బెంచీని మరునాటికి మార్పించమని, ఇలాంటిది మళ్లీ జరిగితే బడి చర్య తీసుకుంటుందని ఎవరి పేరూ ఎత్తకుండా తరగతికి చెప్పమని అడగండి. దానితో పాటు, కొత్త అమ్మాయిని చూసుకునే పని ఒక్క పిల్ల మీదే పెట్టకుండా ఇంకో ఇద్దరికి కూడా పంచమని, వారానికోసారి బెంచీలు మార్చి కూర్చోబెట్టమని కోరండి. ఇద్దరు పట్టే బెంచీ దగ్గర మూడో పిల్ల నిలబడిపోయిన తగువు ఇది, సగం మందు ఆ బెంచీ దగ్గరే ఉంది. టీచర్ మంచి ఉద్దేశంతోనే ఆ పని అప్పగించారు, నింద వేస్తున్నట్టు మాట్లాడకండి.

పేజీలు చింపినందుకు మీ పాప క్షమాపణ చెప్పాలి. ఇది మీకు కష్టంగా తోస్తుందని తెలుసు. ఎదుటివాళ్లు ముందు చేసిన తప్పు పెద్దదే, అయినా ఆ నోటుబుక్కు ఇద్దరిదీ. ‘మీరు రాసింది చదివి నాకు చాలా ఏడుపొచ్చింది, అయినా చింపకుండా ఉండాల్సింది’ అన్నంత చాలు, దానికి బదులుగా వాళ్లూ క్షమాపణ చెప్పాలన్న షరతు పెట్టవద్దు. చింపిన పేజీలు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి తిరిగి ఇచ్చేయమనండి. ఆ తర్వాత, జూన్‌కు ముందు ఇద్దరూ కలిసి రాసిన పేజీలన్నీ జిరాక్స్ తీయించి ఒక కట్ట మీ ఇంట్లో, ఒక కట్ట ఆ ఇంట్లో ఉండేలా చూడండి. ఎవరి బడిని వాళ్లు ముందుకు నడుపుకోవచ్చు. చంద్రిక మీ పాప చేతిలో మళ్లీ ఏమైనా కావచ్చు, వాళ్ల పుస్తకంలో ద్రోహిగానే మిగిలిపోవచ్చు, దాన్ని మార్చమని ఎవరూ వాళ్లను బలవంతపెట్టలేరు. ఒక ప్రశ్న మాత్రం పాపను అడిగి చూడండి, చంద్రిక ఆ రహస్యాన్ని ఎందుకు అమ్మినట్టు రాశారు అని. కారణమేదీ రాయలేదని ఆమె చెబితే నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు మీ సంగతి. మంత్రవిద్య నేర్పే గురువు ఇల్లు, ఇద్దరు ఆడపిల్లల స్నేహం, కొట్లాట, ఇవన్నీ మనకు ఇంగ్లిషు పుస్తకాలతో వచ్చినవి కావు. చచ్చినవాళ్లను బతికించే మృతసంజీవని తెలిసిన శుక్రాచార్యుడి కూతురు దేవయాని, రాజు వృషపర్వుడి కూతురు శర్మిష్ఠ, వీళ్ల కథను నన్నయ ఆదిపర్వంలోనే తెనిగించాడు. జలకాలాడే వేళ గాలికి చీరలు కలిసిపోయి, ఒకరిది ఒకరు కట్టుకోవడం దగ్గర మొదలైన తగువది. నాలుగు మాటలు దాటేసరికి చీర సంగతి పోయి, నీ తండ్రి నా తండ్రిని పొగిడి బతికేవాడు కదా అన్నదాకా వెళ్లింది. శర్మిష్ఠ దేవయానిని బావిలో తోసింది, యయాతి చేయిపట్టి పైకి తీశాడు. అప్పుడైనా ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన పెద్దమనిషి లేడు. గురువు రాజ్యం వదిలి పోతానన్నాడు, రాజు భయపడ్డాడు, చివరికి రాజు కూతురు వేయి మంది చెలికత్తెలతో దేవయానికి దాసి అయింది. ఆ తీర్పుతో వాళ్ల తగువు తీరలేదు, కాపురాలదాకా వెంట వచ్చింది.

వాట్సాప్ గ్రూపులో ఆమె మీవారి జీతం మాట ఎత్తడం, మీరు ఊరుకోకపోవడం అచ్చంగా ఆ చీరల తగువే. ఆమె అన్నది తప్పు. మీరు ఏమన్నారో ఉత్తరంలో రాయలేదు, నేను ఊహించగలను. ఇక ఆ గ్రూపులో ఈ విషయం మీద ఒక్క మాట కూడా రాయకండి, అవతలి నుంచి ఏం వచ్చినా సరే. ఒకే వీధిలో ఉంటారు కనుక ఒక సాయంత్రం వెళ్లి, ‘అక్కా, గ్రూపులో నేను అన్నవి అనకుండా ఉండాల్సింది, పిల్లల సంగతి మనమిద్దరం ఇక్కడే మాట్లాడుకుందాం’ అనండి. జీతం మాట మీరు ఎత్తకండి. ఆమె ఎత్తి క్షమించమంటే సంతోషం, అనకపోయినా లేచి వచ్చేయండి. జిరాక్స్ సంగతి కూడా అప్పుడే కదపవచ్చు.

కడుపునొప్పిని అబద్ధమని కొట్టేయవద్దు. దిగులు ఈ వయసు పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పిగా తెలుస్తుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి, ఏమీ లేదని తేలితే నొప్పి ఉన్నా బడికి పంపండి, మరీ ఓర్చుకోలేకపోతే మధ్యాహ్నం తెచ్చుకుంటానని చెప్పి పంపండి. ఇంట్లో ఉండిపోయిన ప్రతి రోజూ మరునాటి బడిని ఇంకాస్త భయంగా చేస్తుంది. రాత్రి చదువుకు ఒక వేళ పెట్టి దీపం ఆర్పండి, పుస్తకాన్ని మాత్రం లాక్కోకండి. రెండు మూడు వారాలు గడిచినా బడి మానడం తగ్గకపోతే, తిండీ నిద్రా చెడితే, బతకాలని లేదన్న మాట ఒక్కసారైనా నోట వస్తే ఆగవద్దు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

పాత స్నేహం తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. జిల్ మర్ఫీ పుస్తకంలో మాడ్ తిరిగి వచ్చి ముగ్గురూ స్నేహితులవుతారు, మీ వీధిలో అలా జరగవచ్చు, జరగకపోవచ్చు కూడా. తరగతిలో కథలు చదివే పిల్లలు ఇంకెవరున్నారో పాపను మెల్లగా అడిగి తెలుసుకోండి.

బతుకమ్మ గురించి ఒక్క మాట. ఎంగిలి పూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆ తల్లీ కూతుళ్లు ఎదురుపడటం ఖాయమే, హనుమకొండ ఆ సాయంత్రం అంతా అక్కడే ఉంటుంది కదా. పండుగ రోజున అందరి ముందు చేతులు కలిపించాలని ఏ పెద్దమ్మో పిన్నమ్మో ఉబలాటపడితే మీరే అడ్డుకోండి. పాప మొదటి రోజు ఆడనంటే గునుగు, తంగేడు పేర్చడంలో సాయం పట్టమని మాత్రం అడగండి, గుడికి రావడం ఆమె ఇష్టం. సద్దుల నాటికి ఇంకా ఎనిమిది రోజులుంటాయి. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో మళ్లీ నాకు రాయండి, ఆ బెంచీ మార్చారో లేదో కూడా రాయండి.