రక్తస్రావం ఎక్కువగా ఉండేవారికి నెలసరి కప్పు పనికొస్తుందా?

చదువుకో ఉద్యోగానికో పరాయి దేశానికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నన్ను పక్కకు పిలిచి అడిగే సందేహాల్లో ఇదొకటి. నెలసరి మొదటి రెండు రోజులు ప్యాడ్ మీద ప్యాడ్ మార్చుకోవాలి, తరగతి మధ్యలోనో షిఫ్టు మధ్యలోనో లేచి వెళ్లడానికి కుదరదు, నెలసరి కప్పు, అంటే యోని లోపల పెట్టుకుని స్రావాన్ని పట్టి ఉంచే మెత్తటి చిన్న కప్పు, వాడితే ఈ అవస్థ తప్పుతుందా అని అడుగుతారు. చాలావరకు తప్పుతుంది. అయితే కప్పు వాడమని నేను గట్టిగా చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. ఒంట్లోంచి ఎంత పోతోందో అది కొలిచి చూపిస్తుంది. ప్యాడ్ పీల్చుకున్నది ఎంతో ఎవరూ చెప్పలేరు. ‘నాకు ఎక్కువగా అవుతుంది’ అన్న మాటకూ ‘రెండో రోజు మూడు గంటలకోసారి పాతిక మిల్లీలీటర్లు పారబోస్తున్నాను’ అన్న మాటకూ డాక్టరు దగ్గర చాలా తేడా ఉంటుంది. కొత్త దేశంలో, మన గురించి ముందు వెనకలు తెలియని డాక్టరు ముందు, దొరికిన కొద్ది నిమిషాల్లో మన బాధ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఆ అంకె మనకు కొండంత అండ.

ముందు లెక్కలు చూద్దాం. సాధారణంగా ఒక నెలసరి మొత్తంలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధిక రక్తస్రావం అని వైద్యులు చాలాకాలంగా లెక్కగడుతున్నారు. కప్పుల్లో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది, పెద్దవాటికి అంతకన్నా ఎక్కువ. చాలా కప్పుల మీద గీతలు ఉంటాయి, కొనేటప్పుడు ఆ గీతలున్నదే ఎంచుకోండి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: కప్పులో చేరేదంతా రక్తమే కాదు. గర్భాశయపు లోపలి పొర ముక్కలూ, ఇతర స్రావాలూ అందులో కలిసి ఉంటాయి. కాబట్టి మీరు కూడిన మొత్తం నెలకు 90 వచ్చిందని వెంటనే బెంబేలు పడకండి. ఆ అంకెను అలాగే రాసి ఉంచండి, దాని అర్థం డాక్టరు చెబుతారు.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత వస్తువేమీ కాదు. అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి ఇలాంటి కప్పుకు 1937లోనే పేటెంటు తీసుకున్నారు. అప్పట్లో రబ్బరుతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా వైద్య అవసరాలకు వాడే సిలికాన్‌తో చేస్తున్నారు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక 43 అధ్యయనాలను కలిపి పరిశీలించిన వ్యాసం ప్రచురించింది. వాటిలో దాదాపు 3,300 మంది పాల్గొన్నారు. ప్యాడ్లతో, టాంపాన్లతో (లోపల పెట్టుకునే దూది చుట్టలతో) పోలిస్తే కప్పు నుంచి కారడం అంతే ఉందనీ, కొన్నిచోట్ల తక్కువే ఉందనీ తేలింది. అలవాటు పడటానికి కొన్ని నెలలు పట్టవచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి మొదటి నెలే కుదరలేదని పక్కన పడేయకండి.

ఎక్కువగా అయ్యేవాళ్లు సహజంగానే అన్నింటికన్నా పెద్ద కప్పు వైపు చూస్తారు. అక్కడ కొంచెం ఆగాలి. గర్భాశయ ముఖద్వారం, అంటే గర్భసంచి కింది కొస, కొందరిలో పైకి ఉంటుంది, కొందరిలో బాగా కిందికి ఉంటుంది. నెలసరి రోజుల్లో ఇంకాస్త కిందికి దిగుతుంది. శుభ్రంగా కడుక్కున్న వేలితో లోపల తాకి చూస్తే ముక్కు కొసలా కాస్త గట్టిగా తగిలేది అదే. వేలు సగం కూడా వెళ్లకముందే తగిలితే మీకు పొడవాటి కప్పు సరిపడదు, కప్పు అడుగున ఉండే సన్నటి కాడ గుచ్చుకుంటుంది. పొట్టిగా, వెడల్పుగా ఉన్నది చూసుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కిందికి దిగిన ముఖద్వారం కొందరిలో కప్పు లోపలికే వచ్చి కూర్చుంటుంది, ఆ మేరకు చోటు తగ్గిపోతుంది. 30 మిల్లీలీటర్ల కప్పు 20 దగ్గరే కారడం మొదలుపెడితే కారణం ఇదే కావచ్చు. ‘నిండకుండానే కారుతోంది, నాకు పెట్టుకోవడం రావడం లేదు’ అని నా దగ్గర కంటతడి పెట్టుకున్న అమ్మాయిలు ఉన్నారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, కప్పు ఆకారం వాళ్ల శరీరానికి నప్పలేదు, అంతే.

మొదటిసారి సెలవు రోజున, ఇంట్లో, తొందర లేనప్పుడు పెట్టుకోండి. నెలసరి ఉధృతంగా ఉన్న రోజు కాకుండా కాస్త తగ్గిన రోజున మొదలుపెడితే మేలు. చేతులు సబ్బుతో కడుక్కుని, కప్పును నీళ్లతో తడపండి. అంచును ఒక వేలితో లోపలికి నొక్కి మడిస్తే కొస సన్నబడుతుంది, కొత్తవాళ్లకు ఈ మడత తేలిక. గొంతుక్కూర్చుని గానీ, ఒక కాలు ఎత్తుమీద పెట్టి గానీ, నిటారుగా పైకి కాకుండా నడుము వైపుగా వాలుగా లోపలికి పంపాలి. వదలగానే కప్పు విచ్చుకుంటుంది. విచ్చుకుందో లేదో చూసుకోవడమే ఇందులో అసలు పని. వేలిని కప్పు చుట్టూ తిప్పి చూడండి. ఎక్కడైనా మడత చేతికి తగిలితే అక్కడినుంచే కారుతుంది. కప్పు అడుగు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు ఆ మడత వీడిపోతుంది. సరిగ్గా కూర్చున్న కప్పు లోపల ఉన్నట్టే తెలియదు. మూత్రం సరిగ్గా రాకపోయినా, పొత్తికడుపులో ఒత్తిడి అనిపించినా తీసి మళ్లీ పెట్టుకోండి, అప్పటికీ తగ్గకపోతే చిన్నది, మెత్తటిది కావాలన్నమాట.

తీయడం గురించే అందరికీ భయం. లోపలికి జారి ఎక్కడికో వెళ్లిపోతుందేమోనని అడుగుతారు. వెళ్లదు. పైన గర్భాశయ ముఖద్వారం ఉంది, దాని రంధ్రం చాలా సన్నం, కప్పు దాటిపోవడం జరగని పని. చేతికి అందకపోతే కాసేపు స్థిమితంగా కూర్చుని, గొంతుక్కూర్చున్న భంగిమలో మెల్లగా కిందికి ముక్కితే దిగి వస్తుంది. కాడ పట్టుకుని లాగకూడదు. కప్పు లోపల గోడలకు గాలి పట్టుతో అతుక్కుని ఉంటుంది, అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి ముందు ఆ పట్టు విడిపించాలి. ఆ తర్వాతే, కప్పు నిటారుగా ఉండేలా మెల్లగా దించాలి. ఉధృతంగా ఉన్న రోజు కప్పు అంచుదాకా నిండి ఉంటుంది, ఒలకడం మామూలే. అలవాటయ్యేదాకా స్నానాలగదిలో నేలమీద కూర్చుని తీయడం మంచిది. ఎంత ప్రయత్నించినా రాకపోతే పనిముట్లేవీ వాడకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాళ్లకు అది నిమిషం పని.

డబ్బా మీద 12 గంటల వరకు ఉంచుకోవచ్చని రాసి ఉంటుంది, కొన్ని కంపెనీలు ఎనిమిదే అంటాయి. అది ఎవరికైనా దాటకూడని హద్దు. రక్తస్రావం ఎక్కువగా ఉండే మీలాంటివాళ్లకు ఉధృతంగా ఉన్న రోజుల్లో వర్తించే లెక్క కాదు. మొదటి నెల ఉధృతంగా ఉన్న రోజుల్లో మూడు నాలుగు గంటలకోసారి తీసి చూడండి. ఎంత నిండిందో చూస్తే మీ లెక్క మీకే తెలుస్తుంది. ఆ లెక్క కుదిరేదాకా లోదుస్తుల్లో పల్చటి ప్యాడ్ కూడా పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు ఖాళీ చేసి, రాత్రి ప్యాడ్ అదనంగా పెట్టుకుంటే దుప్పటి గురించి బెంగ ఉండదు.

ఇక కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేది బయటి మరుగుదొడ్లు. చాలా దేశాల్లో మరుగుదొడ్డి లోపల కుళాయి ఉండదు, కాగితమే ఉంటుంది, చేతులు కడుక్కునే తొట్టి బయట అందరి మధ్యా ఉంటుంది. కప్పు పట్టుకుని బయటికి రావాల్సిన పని లేదు. లోపలికి వెళ్లే ముందే చేతులు కడుక్కోండి, సంచిలో చిన్న నీళ్ల సీసా పెట్టుకోండి. కప్పును మరుగుదొడ్డిలోనే పారబోసి, కాసిన్ని నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకోండి. నీళ్లు లేకపోతే శుభ్రమైన కాగితంతో తుడిచి పెట్టుకుని, ఇంటికి వచ్చాక బాగా కడగవచ్చు. వికలాంగుల కోసం కేటాయించిన గదుల్లో లోపలే తొట్టి ఉంటుంది గానీ, అవి అవసరమైనవారికే వదిలేయాలని నా మనవి. ఆఫీసులో ఏ అంతస్తులో తొట్టితో సహా విడి గది ఉందో చేరిన మొదటి వారంలోనే చూసి పెట్టుకోండి.

నలుగురితో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కప్పు ఉడికించడానికి ఒక చిన్న గిన్నె విడిగా పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మొదటిసారి వాడే ముందూ, ప్రతి నెలసరికి ముందో తర్వాతో డబ్బా మీద చెప్పినన్ని నిమిషాలు నీళ్లలో మరిగించాలి, సాధారణంగా అయిదు నుంచి పది. గిన్నె అడుగుకు అంటుకుంటే కప్పు పాడవుతుంది, దగ్గరే ఉండి చూసుకోండి. మధ్యలో ఖాళీ చేసినప్పుడు ముందు చన్నీళ్లతో కడిగితే మరక పట్టదు, తర్వాత వాసనలేని సబ్బుతో కడగాలి. అంచు కింద ఉండే సన్నటి రంధ్రాలు మూసుకుపోతే పట్టు సరిగ్గా విడిపోదు. కప్పు నిండా నీళ్లు పోసి, అరచేత్తో మూసి నొక్కితే ఆ రంధ్రాల గుండా నీళ్లు చిమ్మి అవి శుభ్రపడతాయి. గాలి ఆడే గుడ్డసంచిలో దాచండి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వద్దు.

కొందరు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. కాపర్ టి గానీ, హార్మోన్ పరికరం గానీ గర్భసంచిలో వేయించుకున్నవారు మొదటివారు. కప్పు లాగేటప్పుడు దారం చిక్కుకునో, గాలి పట్టు వల్లనో పరికరం జారి వచ్చే అవకాశం ఉంది. గర్భసంచి జారినట్టు తెలిసినవారు, ఈమధ్యే కాన్పు అయినవారు, గర్భస్రావం జరిగినవారు, ఇన్ఫెక్షన్ ఉన్నవారు కూడా అడిగి తెలుసుకోవాలి. ఎప్పుడూ లైంగిక సంబంధం లేనివారు వాడకూడదన్న నియమమేమీ లేదు. కన్నెపొర సాగవచ్చు, చిరగవచ్చు, అది తెలిసి నిర్ణయించుకోవడం మీ ఇష్టం. వద్దనిపిస్తే మానేయండి, ప్యాడ్లతోనే సుఖంగా ఉన్నవాళ్లను కప్పు వాడమని ఒత్తిడి పెట్టడం నాకు నచ్చదు.

టాక్సిక్ షాక్ సిండ్రోమ్ (బ్యాక్టీరియా విడుదల చేసే విషం ఒంటికి పాకడం) అనే ప్రమాదం కప్పుతో చాలా అరుదు, కానీ లేకపోలేదు. హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండకు కమిలినట్టు ఒంటిమీద ఎరుపు, కళ్లు తిరగడం కనిపిస్తే కప్పు తీసేసి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, కప్పు వాడుతున్నానని చెప్పండి.

ఇప్పుడు మొదట చెప్పిన కొలతల దగ్గరికి వస్తాను. ఫోనులోనో పుస్తకంలోనో తేదీ, గంట, ఎన్ని మిల్లీలీటర్లు, రక్తపు గడ్డలు ఉన్నాయా అని రాసుకోండి. రెండు నెలలు రాస్తే చాలు. కప్పు రెండు గంటలకే నిండుతున్నా, రెండున్నర సెంటీమీటర్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కారడం ఆగిందని ఊరుకుంటే లోపలి జబ్బు అలాగే ఉండిపోతుంది, కప్పు దాన్ని నయం చేయదు. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కణితులు), పాలిప్‌లు (లోపలి పొరపై పెరిగే చిన్న కండలు), థైరాయిడ్ లోపం, అండం సరిగ్గా విడుదల కాకపోవడం, కాపర్ టి, రక్తం పలచబరిచే మందులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. చిన్నప్పటినుంచీ ఎక్కువగా అవుతూ, పన్ను పీకించుకున్నప్పుడు కూడా రక్తం ఆగకపోతే ఆ సంగతి తప్పక చెప్పండి. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే లోపం ఉండవచ్చు.

గంటకోసారి కప్పు గానీ ప్యాడ్ గానీ నిండిపోతూ కొన్ని గంటలపాటు అలాగే సాగుతుంటే, లేదా కళ్లు తిరిగి పడిపోతుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చిన కొత్తలోనే ఆరోగ్య బీమా పత్రాలు సరిచూసుకుని, ఇంటికి దగ్గరలోని క్లినిక్‌లో పేరు నమోదు చేయించుకోండి. మహిళా డాక్టరు కావాలని అడగడానికి సంకోచం వద్దు. లోపలికి వెళ్లగానే రాసుకున్న కాగితం ముందు పెట్టండి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా చూడమనండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు, కానీ అది తగ్గకముందే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు, నీరసం అక్కడే మొదలవుతుంది. చికిత్సలు చాలా ఉన్నాయి. స్రావం అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్, మెఫెనామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. మీకు గానీ, మీ ఇంట్లో వాళ్లకు గానీ ఎప్పుడైనా కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే ముందే చెప్పాలి, కొన్ని మందులు అలాంటివారికి పనికిరావు. చికిత్స మొదలయ్యాక కూడా కప్పు కొలతలు రాయడం మానకండి. రెండో రోజు 120 ఉన్నది 60కి దిగితే మందు పనిచేస్తున్నట్టే. మూడు నెలలైనా అంకెలు కదలకపోతే ఆ పుస్తకం తీసుకుని మళ్లీ వెళ్లి, స్కానింగ్ గురించీ, తర్వాతి చికిత్స గురించీ అడగండి.