నీళ్ళు నిండిన అడవిలో బాతుల వేట: చోటు గురించి మేనల్లుడికి

లిటిల్ రాక్,
నవంబరు రెండో వారం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోన్లో "వేటకి మంచి చోటు చెప్పు మామయ్యా, లొకేషన్ పంపిస్తే చాలు" అన్నావు. లొకేషన్ పంపడం నిమిషం పని. కానీ అల్లుడూ, పోయినేడు నేను నిలబడిన చోట ఈ ఏడు మోకాలి దాకా నీళ్ళుంటాయో, నడుం దాకా ఉంటాయో, అసలు నేల ఎండే ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చోటు ఎలా వెతుక్కోవాలో రాస్తున్నాను.

ముందు బాతు అడవిలోకి ఎందుకొస్తుందో తెలుసుకో. ఇక్కడి స్టట్‌గార్ట్ ఊరి చుట్టూ అంతా వరి పొలాలే. అమెరికాలో పండే వడ్లలో దాదాపు సగం మన ఆర్కన్సా రాష్ట్రానివే. చలికి ఉత్తరం నుంచి దిగిన మల్లార్డ్ బాతులు కోసేసిన చేలల్లో రాలిన గింజలు రాత్రిళ్ళు ఏరుకుని, తెల్లవారేసరికి చెట్ల మధ్య నీళ్ళలోకి వస్తాయి. అక్కడ చలిగాలి తగలదు, జంట కట్టడానికి చాటు ఉంటుంది, తినడానికి ఓక్ చెట్ల కాయలు, నానిన ఆకుల కింద పురుగులు ఉంటాయి. మల్లార్డ్ బుడుంగున మునిగి మేసేది కాదు. తల ముంచి, తోక పైకెత్తి మేస్తుంది. మెడ అందినంత లోతే దానికి మేత, అంటే అడుగు, అడుగున్నర. నీ మోకాలి దాకా నీళ్ళున్న చోటే వెతుకు.

చెట్లు కూడా చూడాలి. విల్లో ఓక్, చెర్రీబార్క్ ఓక్ కాయలు చిన్నవి, బాతు గొంతు దిగుతాయి. విల్లో ఓక్ ఆకు వేపాకు కంటే సన్నగా ఉంటుంది, సులువుగా గుర్తుపడతావు. ఓవర్‌కప్ ఓక్ కాయ పెద్దది, బాతుకు మింగుడుపడదు. సైప్రస్, టూపెలో చెట్లే కనిపిస్తున్నాయంటే ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళు నిలిచే పల్లం అని అర్థం. అక్కడ ఆగకు.

అన్నిటికంటే ముఖ్యం కొత్తనీరు. చిన్నప్పుడు మన ఊరి కాలవకి నీళ్ళు వదిలినప్పుడు గట్ల మీద కొంగలు ఎలా ముసిరేవో గుర్తుందా? ఇక్కడా అంతే. నది పెరిగి నిన్న మొన్నటి దాకా పొడిగా ఉన్న నేల మునిగితే, అక్కడి కాయలు, పురుగులు ఇంకా ఎవరూ ముట్టనివి. బాతులు నీటి అంచు వెంబడే నడుస్తాయి. కాబట్టి కాష్ నదిలోనో, వైట్ నదిలోనో నీటిమట్టం గేజ్ రోజూ చూడు. ఫలానా గేజ్ ఎంతుంటే ఫలానా మెరక మునుగుతుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. నాలుగేళ్ళు రాసుకుంటే ఆ పుస్తకం ఎవరు చెప్పే లొకేషన్ కంటే విలువైనదవుతుంది. నాది నీకు ఇస్తాను, కానీ నీది నువ్వు మొదలుపెట్టు.

ఇక చూడటం. నాలుగు రోజులు వేట దొరికితే అందులో ఒక రోజు తుపాకీ లేకుండా చూడటానికే పెట్టు. గట్టు మీదో, రోడ్డు మీదో దూరంగా కారు ఆపి, బాతులు ఆకాశంలో ఎటు వెళ్తున్నాయో, ఎక్కడ గిరగిరా తిరిగి చెట్ల మధ్య దిగుతున్నాయో బైనాక్యులర్‌తో చూడు. పైన వందలు ఎగురుతున్నా లాభం లేదు, దిగే చోటే లెక్క. తర్వాత మెల్లగా లోపలికి నడిచి చూస్తే తేలే ఈకలు, కలకబారిన నీళ్ళు కనిపిస్తాయి. నీళ్ళు ఇంకా బురదగా ఉన్నాయంటే ఇప్పుడే లేచి వెళ్ళాయన్నమాట. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చెయ్. అవి సాయంత్రం గుంపుగా పడుకునే చోటును మాత్రం ముట్టుకోవద్దు. ఒకసారి అక్కడ కాల్చావంటే ఆ ప్రాంతమే ఖాళీ అవుతుంది.

కొమ్మల కప్పులో సందు ఉన్న చోటును ఇక్కడివాళ్ళు హోల్ అంటారు. బాతు గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి, గాలి వెళ్ళే దిక్కున అడ్డం లేని సందు కావాలి. గాలి నీ వీపుకో, పక్కకో తగలాలి. ఎండ నీ కళ్ళలో పడకూడదు. హోల్‌కి తూర్పు అంచున చెట్టును ఆనుకుని నిలబడితే పొద్దున్నే వెనక చెట్ల నీడ నీ మీద పడుతుంది. గాలీ నీడా రెండూ కుదరకపోతే నేను నీడనే ఎంచుకుంటాను. మబ్బు రోజు కంటే చలిగాలి వెళ్ళాక వచ్చే తేటఎండ రోజే అడవిలో మంచిది. నీడలు నల్లగా పడి మనిషి కనపడడు. డికాయ్‌లు, అంటే నీళ్ళ మీద తేలే బొమ్మ బాతులు, డజనో, రెండు డజన్లో చాలు. కాలితో నీళ్ళు కదిలిస్తూ ఉండు, నిలకడ నీళ్ళ మీద బాతుకు నమ్మకం ఉండదు.

నేను ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు చీకట్లో హడావిడిగా వెళ్ళి, పగలు నడిచి చూడని చోట అడుగు వేశాను. కింద పాత కాలవ ఉంది. ఒక్క అడుగుతో నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి, వేడర్లలోకి, అంటే ఛాతీ దాకా తొడుక్కునే నీళ్ళు చొరని బూట్ల దుస్తుల్లోకి, దిగాయి. డిసెంబరు నీళ్ళు అవి. పక్కనున్న స్నేహితుడు చేయి అందించకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అందుకే పగలు నడవని చోటుకి రాత్రి వెళ్ళకు. చేతిలో కర్ర ఉండాలి, వేడర్ల బెల్టు బిగించి ఉండాలి, పడవలో లైఫ్ జాకెట్ తియ్యకూడదు. ఒంటరిగా అసలు వెళ్ళకు.

చోటు ఎంత బాగున్నా నీకంటే ముందు ఎవరైనా అక్కడ లైటు చూపిస్తే తిరిగి వచ్చెయ్. అడవిలో మనిషి చెట్టులా కనిపిస్తాడు, తక్కువ ఎత్తులో ఎగిరే పక్షిని కాల్చకు. నీ చోటు ముందే ఎవరైనా పట్టుకుని ఉండొచ్చు, అందుకే రెండో చోటు, మూడో చోటు కూడా ముందే చూసి పెట్టుకో.

చట్టం సంగతి: నువ్వు 1969 తర్వాత పుట్టావు కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. బాతుల వేటకి కావాల్సిన 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కొను. 1934 నుంచి ఆ డబ్బుతోనే ఇలాంటి చిత్తడి నేలలు కొంటున్నారు. సీసం గుళ్ళు కుదరవు, స్టీల్ వాడు. బయూ మెటోలాంటి ప్రభుత్వ వేట అడవుల్లో మధ్యాహ్నం 12 కల్లా వేట ఆపాలి. ఎన్ని కొట్టొచ్చన్న పరిమితులు ఏటా మారవచ్చు, ఈ ఏటి వేట నిబంధనల పుస్తకం చదువు. నీతో వస్తానన్న స్నేహితుడు ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాడు కదా, వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీ చట్టం వేరు. లాయర్ని అడిగేదాకా ముట్టుకోవద్దని చెప్పు. కొల్లేటి పరజ బాతులను కొట్టడం మన దగ్గర నేరం, ఇక్కడ అనుమతి ఉందని లెక్కలేకుండా కొట్టకు.

ఇంకో మాట, ఇది నాకు బాధ కలిగించేది. వేట కోసం ఏటా త్వరగా నీళ్ళు నింపి ఎక్కువ నెలలు నిలపడం వల్ల హరికేన్ లేక్ అడవిలో ఓక్‌లు చాలా చచ్చిపోయాయి. అందుకే ఇప్పుడు కొన్నిచోట్ల చెట్లు చలికాలపు నిద్రలోకి వెళ్ళేదాకా ఆగి ఆలస్యంగా నీళ్ళు వదులుతున్నారు. "నీళ్ళు ఇంకా పెట్టలేదు" అని విసుక్కునే వాళ్ళతో గొంతు కలపకు.

వచ్చే శనివారం ఖాళీ చేసుకుని శుక్రవారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. తుపాకులు తీసుకురాకు. బైనాక్యులర్, రెండు జతల ఊలు సాక్సులు, నోట్‌బుక్ చాలు. అత్త పులిహోర కలిపి ఇస్తానంది, పొద్దున్న నాలుగింటికి బయల్దేరదాం.

నీ మామయ్య