గడ్డకట్టే పరీక్ష రక్తం ఐస్ బాక్సులో వెళ్లిందా? ఆ రిపోర్టు నమ్మకండి

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. టాన్సిల్స్ ఆపరేషన్‌కు ముందు పరీక్షలు చేయిస్తే ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే పరీక్ష) 47 సెకన్లు (ల్యాబ్ నార్మల్ 26–36), వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ (రక్తం ఆగడానికి తోడ్పడే ప్రొటీన్) 38 శాతం వచ్చాయి. రక్తం గడ్డకట్టని జబ్బేమో అంటున్నారు. ఉదయం ఇంటికొచ్చి రక్తం తీసి, ఐస్ బాక్సులో హైదరాబాద్ పంపారు. పాపకు ఎప్పుడూ పెద్దగా రక్తం కారింది లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: చిక్కంతా ఆ ఐస్ బాక్సు దగ్గరే ఉండొచ్చు. చల్లగా ఉంచితే పాడవదన్న లెక్క పాలకు సరిపోతుంది గానీ ఈ రక్తానికి సరిపోదు. ప్లాస్మా (కణాలు తీసేయగా మిగిలే రక్త ద్రవం) వేరు చేయకుండా ట్యూబును 2–8 డిగ్రీల చలిలో పెడితే కొన్ని గంటల్లోనే వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్, దాంతోపాటు గడ్డకట్టించే మరో ప్రొటీన్ ఫ్యాక్టర్ 8 పడిపోతాయి. ఫ్యాక్టర్ 8 తగ్గితే ఏపీటీటీ పెరుగుతుంది. మీ రిపోర్టులో ఉన్నది సరిగ్గా ఇదే. ఏ లోపమూ లేనివాళ్లకు ఇలాగే జబ్బు ముద్ర పడుతుంటుంది. (ఇదే చలికి ఫ్యాక్టర్ 7 చురుకై, గడ్డకట్టే సమయం చూసే మరో పరీక్ష పీటీ తగ్గొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారూ గమనించండి.)

అలాగని ఎండలో బైక్ డిక్కీలో పెట్టినా నష్టమే. వేడికి ఫ్యాక్టర్ 5, 8 త్వరగా క్షీణిస్తాయి. ట్యూబు 18–24 డిగ్రీల్లో ఉండాలి, ఏపీటీటీ 4 గంటల్లోపు చేసేయాలి. మీ ఊరి నుంచి హైదరాబాద్ చేరేసరికే ఆ గడువు దాటుతుంది. పీటీకైతే 24 గంటల దాకా పర్వాలేదు.

దూరం పంపక తప్పకపోతే రక్తం తీసిన చోటే 1500 జీ (భూమ్యాకర్షణకు 1500 రెట్లు) బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. కణాల పొరను కదపకుండా పై ప్లాస్మా మాత్రం తీసి, మరోసారి తిప్పి, ప్లాస్టిక్ గొట్టాల్లో ఫ్రీజ్ చేసి డ్రై ఐస్‌లో (గట్టిపడిన కార్బన్ డయాక్సైడ్‌లో) పంపాలి. కరిగించేదీ 37 డిగ్రీల నీళ్లలో, 5 నిమిషాల్లో. ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లటి తెట్టు మిగులుతుంది. బ్లడ్ బ్యాంకుల్లో కావాలని తయారుచేసే క్రయోప్రెసిపిటేట్ అదే. ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8, వాన్ విల్‌బ్రాండ్ అందులోకి దిగిపోతాయి. పైనున్న ద్రవాన్ని పరీక్షిస్తే అన్నీ తక్కువే వస్తాయి.

పిల్లల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. లేత నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ 0.3 మి.లీ. ఉంటే 2.7 మి.లీ. రక్తం గీత దాకా పడాలి. నరం దొరక్క 2 మి.లీ.తో ఆపేస్తే మిగులు సిట్రేట్ పరీక్షలో కలిపే కాల్షియాన్ని పట్టేసి సమయాన్ని పెంచుతుంది.

కాబట్టి పాపను గుంటూరులోనో హైదరాబాద్‌లోనో పరీక్ష అక్కడే చేసే ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఏపీటీటీ, ఫ్యాక్టర్ 8, వాన్ విల్‌బ్రాండ్ మళ్లీ చేయించండి. జ్వరం లేనప్పుడే వెళ్లండి. జ్వరం, గట్టి ఏడుపు ఈ ఫ్యాక్టర్లను తాత్కాలికంగా పెంచి, నిజంగా ఉన్న తేలికపాటి లోపాన్ని కప్పేస్తాయి. బ్లడ్ గ్రూపు కూడా చెప్పండి, ‘ఓ’ గ్రూపువారిలో వాన్ విల్‌బ్రాండ్ సహజంగానే కాస్త తక్కువ. పళ్లు ఊడినప్పుడు, ముక్కు నుంచి రక్తం ఎంతసేపు కారిందో, ఇంట్లో ఆడవాళ్లకు నెలసరి రక్తస్రావం ఎక్కువో గుర్తుచేసుకుని వెళ్లండి.

రెండోసారీ తేడా వస్తే రక్తవ్యాధుల నిపుణులను కలవండి. సంగతి తేలేదాకా ఆపరేషన్ వాయిదా వేయండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి. జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు.