వేపాకు కట్టిన గుమ్మం ముందు

ప్రశ్న: మా పక్కింటి హిందూ కుటుంబంలో ఇద్దరు పిల్లలకు ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపాకు కట్టారు, ఎవరినీ రానివ్వడం లేదు. ‘రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి’ (మత్తయి 25:36) అన్న మాట మనసులో మెదులుతోంది. వెళ్లి ప్రార్థన చేసి, ఆదివారం బిర్యానీ ఇచ్చిరావచ్చా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: బిర్యానీ వద్దమ్మా, గడప దాటడమూ వద్దు. ఆ వచనంలో ‘చూడటం’ అంటే పలకరించి రావడమొక్కటే కాదు. మూల గ్రీకు క్రియకు బాగోగులు కనిపెట్టుకోవడమనే అర్థం కూడా ఉంది. యాకోబు 1:27లో దిక్కులేని పిల్లల, విధవరాండ్ర గురించి వాడిందీ అదే క్రియ. ఆ పని గేటు దగ్గర నిలబడి చేయొచ్చు.

వేపాకు చూసి మన విశ్వాసం కాదని ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. ‘లోపల జబ్బుంది, రావద్దు’ అని పెట్టిన బోర్డు అనుకోండి, డాక్టరు చెప్పేదీ అదేగా. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ గాలిలో అంటుతుంది. అన్నీ చెక్కు కట్టేదాకా, అంటే సుమారు 5 నుంచి 7 రోజులు, ఆగదు. అందుకని చిన్నప్పుడే అది వచ్చి తగ్గినవాళ్లే డబ్బా తీసుకెళ్లాలి. ఎప్పుడూ రాని గర్భిణులు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు ఆ పని పెట్టుకోవద్దు.

ఇక వంట. చాలా ఇళ్లలో అమ్మవారు పోసినన్నాళ్లూ పోపు పెట్టరు, మాంసం ముట్టరు. పిల్లల నోట్లోనూ పొక్కులుంటాయి కాబట్టి కారం, పులుపు తగిలితే ఏడుస్తారు. నలుగురికైతే రెండు గ్లాసుల బియ్యం మెత్తగా వండి, మెదిపి, చల్లారాక ముప్పావు లీటరు కాచి చల్లార్చిన పాలు, రెండు గరిటెల కమ్మటి పెరుగు, కాస్త ఉప్పు కలపండి. పొద్దున్నే అంతా పెరుగే పోసి కలిపితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పాలు ఎక్కువ పోసేది అందుకే. ముందు ఫోన్ చేసి వాళ్ల పద్ధతి అడగండి. బయటి వంట తినని ఇల్లయితే కొబ్బరి బోండాలు, పాల ప్యాకెట్లు చాలు.

స్టీలు క్యారియర్‌లో పంపితే ఇంకో తంటా. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మనకు అలవాటు లేదు. ఆ రోజుల్లో ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదని కొందరి నియమం. ఆ తల్లి మధ్యలో ఇరుక్కుంటుంది. పాత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ‘తిరిగి ఇవ్వక్కర్లేదు’ అనేయండి. అందులో కరపత్రం మాత్రం పెట్టకండి, అన్నానికి బిల్లు వేసినట్టుంటుంది.

‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. ‘పదింటికి రెండు పాల ప్యాకెట్లు గేటుకు తగిలిస్తాను, మందుల చీటీ వాట్సాప్‌లో పెట్టండి’ అనండి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ కొనివ్వకండి. ఆటలమ్మ ఉన్నప్పుడు వేస్తే అరుదుగానైనా కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. డాక్టరు రాయకుండా ఇబుప్రోఫెన్ కూడా వద్దు. తల్లికో తండ్రికో పొక్కులు మొదలైతే 24 గంటల్లోపే డాక్టరుకు చూపించుకోమనండి, వైరస్ మందు అప్పుడే బాగా పనిచేస్తుంది. ఎవరికైనా ఆయాసం వచ్చినా, పిల్లలు మత్తుగా పడున్నా ఆసుపత్రికి బండి మాట్లాడే పని మీరు తీసుకోండి.

ప్రార్థన మీ ఇంట్లోనే చేయండి. చర్చి గ్రూపులో వాళ్ల పేర్లు పెట్టకండి.

ప్రశ్న: టీబీ మందులు వాడుతున్న ఒక సహోదరునికి మా సంఘం ప్రేమవిందులో వేరే గ్లాసు పెడుతున్నారు. జాగ్రత్తే కదా?
– ఒక సంఘ పెద్ద, ఖమ్మం

జవాబు: గ్లాసుతో టీబీ రాదు. దగ్గినప్పుడు గాలిలో కలిసే తుంపరలతో వస్తుంది, కాబట్టి కిటికీలు తెరవండి. సరైన మందులు పడితే సాధారణంగా రెండు వారాలకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. మందులకు లొంగని రకమైతే, అంటించే గుణం తగ్గిందని డాక్టరు చెప్పేదాకా ఆగాలి. మామూలు టీబీకి కోర్సు 6 నెలలు. రెండో నెలకల్లా దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, ఇక చాల్లే అని మాత్రలు ఆపేసేవాళ్లుంటారు. మీరు కనిపెట్టుకోవలసింది అప్పుడు. సంఘం తరఫున నిక్షయ్ మిత్రగా, అంటే టీబీ రోగులకు తోడ్పడే దాతలుగా ప్రభుత్వ పథకంలో నమోదైతే నెలనెలా పప్పులు, నూనె లాంటివి అందించవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఆ గ్లాసు మాత్రం ఈ ఆదివారమే మిగతావాటిలో కలిపేయండి.