అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేశాను

ప్రశ్న: భోజనానికి ముందు ప్రార్థన చేసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆఫీసులో అందరూ వింతగా చూస్తున్నారని ఇప్పుడు ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచి, కళ్లు తెరిచే ప్రార్థిస్తున్నాను. మొన్న ఒకరు యేసు మీద జోక్ వేస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. మావారేమో ‘నలుగురితో పాటు పోక నీకెందుకీ టెన్షన్’ అంటున్నారు. నేనింత పిరికిదాన్నా?

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టలేదన్న మాట చదివాక నా మనసు కుదుటపడింది. విశ్వాసం చల్లారిపోయిన వాళ్లకు అలాంటి నవ్వు గుచ్చుకోదు.

ఫోన్ సంగతి పట్టించుకోకండి. మనుషులకు కనబడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించవద్దని ప్రభువే అన్నారు. తెరిచిన కళ్లతో చేసినా ఆయన వింటారు. నవ్వు సంగతి మాత్రం వేరు. దాన్ని ప్రభువు ముందు ఒప్పేసుకుని, అక్కడితో వదిలేయండి.

ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు యూదుల అధికారి నీకొదేము గుర్తొస్తాడు. యోహాను సువార్తలో ఆయన మూడుసార్లు కనిపిస్తాడు. మొదట రాత్రిపూట యేసు దగ్గరికి వస్తాడు. తర్వాత తోటి అధికారుల మధ్య ‘మనిషి మాట వినకుండానే మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా’ అని ఒక్క ప్రశ్న వేస్తాడు, అంతే. వాళ్లు యేసు పెరిగిన ప్రాంతం పేరెత్తి, ‘నువ్వూ గలిలయవాడివేనా’ అని ఎద్దేవా చేశారు. చివరికి, యేసును సిలువ వేసి, శిష్యులు చెదిరిపోయిన ఆ రోజున, బోళము, అగరు అనే సుగంధ ద్రవ్యాలు మోసుకుని ఆయన్ని సమాధి చేయడానికి వచ్చాడు. ధైర్యం ఆయనకూ ఒక్కరోజులో రాలేదమ్మా.

మీకూ ఒక్క వాక్యం చాలు. ఈసారి జోక్ వేస్తే ‘నేను ఆయన్ని నమ్ముకున్నదాన్నండీ, దీనికి నవ్వలేను’ అనండి. గొంతు పెంచకండి, వాదనకు దిగకండి. సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు రాశాడు, నిప్పుల మంట దగ్గర యేసు ఎవరో తెలియదని బొంకి, ఏడ్చిన శిష్యుడు పేతురే. ఎవరైనా క్రైస్తవుల తప్పు నిజంగానే ఎత్తిచూపితే మాత్రం ఒప్పుకోండి. మనవాళ్ల కరకు మాటలకు గాయపడి ఎగతాళి చేసేవాళ్లూ ఉంటారు.

మీవారికి ప్రసంగం చేయవద్దు. మీరు అవమానపడతారేమోనని ఆయన భయం కావచ్చు. ఆ రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో నాకు రాసినట్టే ఆయనకూ చెప్పండి.

రేపు భోజనం దగ్గర ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి. కళ్లు మూసుకోవడమా, తెరుచుకోవడమా అన్నది మీ ఇష్టం.