నారికురుపు పురుగు కుక్కల్లో ఎలా బతుకుతోంది?

మన దేశంలో నారికురుపు (దారంలాంటి పురుగు చర్మం చీల్చుకుని బయటికొచ్చే వ్యాధి) చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో విముక్తి ధ్రువీకరణ వచ్చింది. మరి ఆఫ్రికాలోని చాద్‌లో ఇంకా ఎందుకు పోలేదు? అక్కడ పెంపుడు కుక్కలే ఈ పురుగుకు ఆశ్రయంగా మారాయి.

పదేళ్లపాటు కేసులు కనిపించని చాద్‌లో 2010లో మళ్లీ మనుషుల్లో బయటపడింది. 2012 నుంచి కుక్కల్లోనూ గుర్తించారు. 2019లో వెయ్యికి పైగా కుక్కలకు సోకితే, మనుషుల్లో కేసులు యాభై లోపే. జన్యు పరీక్షల్లో రెండింటిలోనూ ఒకే జాతి అని తేలింది.

మనకు తెలిసిన దారి మంచినీరే: లార్వా (పిల్ల పురుగు) ఉన్న సైక్లోప్స్‌ను, అంటే నీటిలోని అతి చిన్న జీవిని, నీటితో మింగడం. దిగుడుబావులు మూసి, గుడ్డతో వడగట్టి ఆ దారి తెంచాం. కానీ కుక్క గతుకుతూ తాగే నీటితో అంత సైక్లోప్స్ లోపలికి పోవడం కష్టం. అందుకే చాద్‌లోని చారి నది ఒడ్డున పారేసిన, లార్వా ఉండే పచ్చి చేప పేగులు, కప్పలు తినడమే అసలు మార్గమని బలమైన అనుమానం.

అక్కడి జాగ్రత్తలు ఇవి: చేప పేగుల్ని పూడ్చిపెట్టడం, చేపను బాగా ఉడికించడం, పురుగు కనబడిన కుక్కను ఆ పురుగు పూర్తిగా బయటికొచ్చేదాకా కట్టేయడం. కట్టు వదులైతే చాలు, కుక్క మడుగులో దిగుతుంది, పురుగు లక్షల లార్వాలు వదులుతుంది. అలాంటి మడుగుల్లో టెమిఫాస్ అనే మందును లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున నెలకోసారి కలుపుతారు. అది సైక్లోప్స్‌నే చంపుతుంది, కుక్కలో ఉన్న పురుగును కాదు. సోకాక పురుగు బయటపడటానికి సుమారు ఏడాది పడుతుంది కాబట్టి, ఈ ఏడు చేసిన పని ఫలితం వచ్చే ఏడే తెలుస్తుంది.