కొత్తగా పాఠం చెప్పేవారు ముందుగా సిద్ధం చేసుకోవలసింది ప్రశ్నలే

త్వరలో మొదటిసారి తరగతికి వెళ్లబోతున్నానని, విషయం మీద పట్టు ఉన్నా విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పగలనో లేదోనని బెరుగ్గా ఉందని, నిజంగా పనికొచ్చే పద్ధతులేవో చెప్పమని అడిగారు. చాలాకాలంగా గణితం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఏం చెప్పాలన్నదాని కంటే ఏం అడగాలన్నది ముందుగా రాసుకోండి. పీరియడ్‌కు నాలుగైదు ప్రశ్నలు చాలు. అయితే వాటిని ఏ మాటల్లో అడగబోతున్నారో ఆ మాటలతోనే కాగితం మీద పెట్టుకోవాలి, ఎందుకంటే తరగతిలో అప్పటికప్పుడు నోటికొచ్చే ప్రశ్న ‘అర్థమైందా?’ అన్నది మాత్రమే. దానికి ‘అయింది సార్’ అన్న జవాబే వస్తుంది. అర్థం కానివారికి తమకు ఏది అర్థం కాలేదో తరచుగా తెలియదు, తెలిసినా నలుగురిలో చెప్పరు.

దశాంశాల పాఠమే తీసుకోండి. 0.4, 0.35లలో ఏది పెద్దదని అడిగితే 0.35 అనేవారు కొందరు తేలతారు. 4 కంటే 35 పెద్దది కదా అన్నది వారి లెక్క. తప్పని చెప్పి ముందుకు సాగిపోతే ఆ లెక్క వారి మనసులో అలాగే ఉండిపోతుంది. ‘ఎలా అనుకున్నావు?’ అని అడిగి, రెండింటినీ నూరో భాగాల్లో 40, 35గా వారిచేతనే బోర్డు మీద రాయిస్తే పొరపాటు ఎక్కడుందో వారే పట్టుకుంటారు. ఆ వెంటనే 0.4, 0.47 ఇవ్వాలి. అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదని ఈలోపు కొత్త సూత్రం కట్టుకున్నవారు అక్కడ బయటపడతారు. ఇలాంటి జంటలు తరగతి గదిలో అప్పటికప్పుడు తోచవు.

ప్రశ్న వేశాక ఆగడం కొత్తవారికి అన్నిటికంటే కష్టమైన పని. టీచర్లు జవాబు కోసం సగటున సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు గమనించారు. ఆ విరామం మూడు సెకన్లకు పెరిగినప్పుడు జవాబులు మరింత వివరంగా వచ్చాయి, మామూలుగా నోరు విప్పనివారు కూడా మాట్లాడారు. విద్యార్థి జవాబు చెప్పిన తరువాత ఆగడం కూడా అంతే ముఖ్యమని ఆమె చూపించారు. మీరు ‘కరెక్ట్’ అనకుండా కాస్త ఓపిక పడితే ఆ విద్యార్థే కారణం కూడా చెబుతాడు. పేరు ముందు పిలిచి ప్రశ్న తరువాత వేయకండి, మిగిలినవారంతా ఊపిరి పీల్చుకుని ఆలోచించడం మానేస్తారు.

తరగతి పెద్దదైతే హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ప్రారంభించిన పద్ధతి చాలా ఉపయోగపడుతుంది. నాలుగు ఎంపికలున్న ప్రశ్న ఇచ్చి, ముందు ఎవరికి వారే జవాబు ఎంచుకోమని, ఆ తరువాత పక్కవారితో రెండు మూడు నిమిషాలు వాదించమని, మళ్లీ ఎంచుకోమని చెప్పడమే ఆ పద్ధతి. మొదటిసారి దాదాపు అందరూ సరిగ్గా చెబితే చర్చ వృథా. మరీ కొద్దిమందే చెబితే మీరే మళ్లీ వివరించాలి. ఆ గదిలో గోల ఉంటుంది కానీ అది పాఠానికి సంబంధించిన గోల, దానికి భయపడనక్కరలేదు.

ఇదంతా చేస్తే సిలబస్ ఎలా పూర్తవుతుందని సహోద్యోగులు అడుగుతారు. సైన్స్, ఇంజనీరింగ్, గణితం డిగ్రీ తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, కేవలం ఉపన్యాసాలతో సాగిన తరగతుల విద్యార్థులు ఫెయిలయ్యే అవకాశం, ఇలాంటి చురుకైన పద్ధతుల్లో నేర్చుకున్నవారి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. నా మటుకు నోట్స్ చెప్పి రాయించడం తగ్గిస్తే కావలసిన సమయం దొరికింది. పుస్తకంలో ఉన్న నిర్వచనాన్ని మళ్లీ రాయించడం వల్ల మీ గొంతుకు శ్రమ తప్ప మరేమీ మిగలదు.

క్రమశిక్షణ గురించి ఎక్కువగా ఆందోళన పడకండి. సమయానికి మొదలుపెట్టి సమయానికి ముగిస్తే సగం సమస్య ఉండదు. పీరియడ్ చివరి మూడు నిమిషాల్లో పుస్తకాలు మూయించి, ఈ రోజు నేర్చుకున్నది ఒకటి, ఇంకా తేలనిది ఒకటి చిన్న చీటీ మీద పేరు లేకుండా రాసివ్వమనండి. మరుసటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీలు చూస్తే తెలుస్తుంది. విద్యార్థులు చెప్పిన తప్పు జవాబులను కూడా ఆ రోజే మీ పాఠ ప్రణాళిక పక్కన రాసి ఉంచండి, వచ్చే ఏడాది అదే పాఠానికి కావలసిన ప్రశ్నలు అందులోనే దొరుకుతాయి.